దాన్ని తీసెయ్

కృష్ణకాంత్ మర్యాద ఇచ్చి మాట్లాడే ఆడది ఈ లోకంలో ఒక్కతే. ఆవిడ రేపల్లె శివార్లలో, రేకుల షెడ్డు కింద, సిమెంటు దిమ్మె మీద కూర్చుని, ఊక మంటల మీద పుట్టిన ఆవిరి తాగి కరెంటు కంటుంది.

"ఆవిడ ఎలా ఉందయ్యా?" అని తెనాలి నుంచి రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తాడు. ప్లాంటు మేనేజరు నరసింహారావు కుర్చీలోంచి లేచి నిలబడి, "చల్లగా ఉందండి" అంటాడు. టర్బైను, దానికి బిగించిన జనరేటరు, రెండూ కలిపి ఆవిడ. శుక్రవారం ఆవిడకి దండ. దసరాకి పట్టుచీర. ఆవిడ ఉన్న షెడ్డులోకి కృష్ణకాంత్ చెప్పులు విప్పి వెళ్తాడు.

మిగతా ఆడవాళ్ళంతా 'అది'. ఆఫీసు ఊడ్చే మనిషి అది. ఊక లారీల దగ్గర తూకం చూసే మనిషి అది. ఇంట్లో భార్య కూడా అదే.

రిలేలు చూసే ఇంజినీరు స్నేహలత కూడా అదే. చాటున కాదు, మొహం మీదే. ఎదురుగా నిలబడిన మనిషి గురించి పక్కనున్న నరసింహారావుని, "ఏవయ్యా, అదేవంటోంది?" అని అడిగేవాడు. ఆమె చెప్పేది నరసింహారావు మళ్ళీ చెప్పేవాడు. ముగ్గురూ మాట్లాడేది తెలుగే.

"కోపం రాదా అమ్మాయ్?" అని ఒకసారి టర్బైను ఆపరేటరు అబ్దుల్ షుకూర్ అడిగాడు. యాభై దాటిన మనిషి. రేపల్లెలోనే పుట్టాడు, ఈ షెడ్డులోనే జుట్టు నెరిసింది.

"వస్తుంది బాబాయ్. జీతం కూడా వస్తోంది కదా."

"నాకైతే వినలేక తల దించేసుకుంటున్నా."

"తల దించకు. గేజీ ఎవరు చూస్తారు?"

షుకూర్ నవ్వాడు. "మీ బాపట్ల వాళ్ళకి నోరెక్కువ" అన్నాడు.

ఆ చలికాలం ప్లాంటు మాటిమాటికీ ఆగిపోసాగింది. కారణం సముద్రం. బాపట్ల వైపు నుంచి వచ్చే గాలి ఉప్పు మోసుకొచ్చి కరెంటు లైను పింగాణీల మీద పూస్తుంది. తెల్లవారి మంచు కురిస్తే ఆ ఉప్పు తడుస్తుంది. తడిసిన ఉప్పు మీదుగా కరెంటు స్తంభానికి పాకుతుంది. ఒక మెరుపు, ఒక పేలుడు. లైను మీద పడ్డ ఆ దెబ్బకి రేపల్లెలో మిషను ఊగుతుంది. ఊగి నిలదొక్కుకుంటే గొడవ లేదు. నిలదొక్కుకోకపోతే స్నేహలత చూసే రిలే మిషనుని లైను నుంచి విడగొట్టేస్తుంది. విడగొడితే మళ్ళీ అంతా లేపి కలపడానికి సగం రోజు పడుతుంది. ఆ సగం రోజూ కృష్ణకాంత్ రొయ్యల కోల్డ్ స్టోరేజీ డీజిలు తాగుతుంది.

ఒక మధ్యాహ్నం ఆయన తెనాలి నుంచి కారులో దిగాడు. నేరుగా కంట్రోల్ రూములోకి వచ్చి కూర్చున్నాడు.

"నరసింహారావ్, ఆవిణ్ణి ఎవరాపారు?"

"రిలే అండి."

"ఏ రిలే?"

నరసింహారావు గోడ వైపు చెయ్యి చూపించాడు. అక్కడ బూడిదరంగు ప్యానెల్లో అరచేతి వెడల్పు తెర, ఒక పచ్చ దీపం. ఆ పక్కనే స్నేహలత నిలబడి ఉంది.

"ఎందుకాపిందో దాన్ని అడుగు."

నరసింహారావు ఒక్క క్షణం తెర వైపు చూశాడు. తర్వాత అర్థమై స్నేహలత వైపు తిరిగాడు.

ఆమె చెప్పింది. "మన మిషను, బయటి లైను ఒకే అడుగులో నడవాలండి. కదిలే రైలు ఎక్కినట్టు. రేపల్లె పాసింజరు కదులుతుంటే పక్కనే సమానంగా పరిగెత్తి కడ్డీ పట్టుకుని ఎక్కుతాం. ఎక్కాక కాలు జారిందనుకోండి. ఇంక చెయ్యి వదిలెయ్యాలి. వదలకపోతే రైలు ఈడ్చుకుపోతుంది. మనిషికైతే తనంతట తనకే తెలుస్తుంది, మిషనుకి తెలీదు. ఆ చెయ్యి వదిలించేది ఈ రిలే."

"రైలు కథలు చెప్తోంది" అన్నాడు కృష్ణకాంత్, నరసింహారావుతో. "కాలు జారిందని దానికెలా తెలుస్తుందంట?"

ఈసారి 'అది' ఎవరో స్నేహలతకి కూడా తెలియలేదు. రిలే అనుకుని జవాబిచ్చింది.

"లైను తెగినా కలిసినా రిలే చూసే లెక్క ఒక్కసారి దూకుతుందండి. మిషను ఊగితే దూకదు, నడుస్తుంది. రెండు గీతలు పెట్టాం. మొదటి గీత దాటి రెండో గీతకి నిదానంగా వస్తే ఊగుతోందని అర్థం, ఊరుకుంటుంది. రెండూ దాటి అవతలి వైపు తేలితే అడుగు తప్పినట్టే. అప్పుడు విడగొడుతుంది."

"మొన్న కూడా తప్పిందా?"

ఇక్కడ ఆమె అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. "మొన్న తప్పలేదండి. ఊగి నిలబడేదే. గీతలు నేను సరిగ్గా పెట్టలేదు, రిలే తొందరపడింది. అది నా తప్పే. సరిచేశాను. నిన్న మాత్రం నిజంగానే జారింది."

కృష్ణకాంత్ చెవికి అందులో మూడు మాటలే ఎక్కాయి. "విన్నావా? అదే ఒప్పుకుంటోంది." లేచాడు. గుమ్మం దాటుతూ, వెనక్కి తిరక్కుండా, గోడ వైపు చెయ్యి విసిరాడు.

"దాన్ని తీసెయ్యవయ్యా. ఇంక నాకు అడ్డం రాకూడదు."

ఆ చెయ్యి విసిరిన వైపు ప్యానెల్ ఉంది. స్నేహలతా ఉంది.

కారు వెళ్ళిపోయింది. షుకూర్ గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. టర్బైను దగ్గరికి పోయాడు.

కృష్ణకాంత్‌ని ఎవరూ రెండోసారి అడగరు. ప్లాంటు పెట్టిన కొత్తలో ఒక గుమాస్తా, "ఏంటండీ?" అన్నాడు. ఆయన చేతిలో ఉన్న టీ గ్లాసు గుమాస్తా కనుబొమ్మ మీద పగిలింది. అప్పటినుంచి ఆయన ఏమన్నా ముందు "సరేనండి" అనడం, అన్నదేమిటో తర్వాత ఆలోచించుకోవడం అక్కడి పద్ధతి.

నరసింహారావు ఆలోచించాడు. ఏది తియ్యాలి? ఆయన నోట్లో 'అది' అంటే ఆ అమ్మాయి. కానీ అంతకుముందు మాట్లాడింది రిలే గురించి. అమ్మాయిని తీసేస్తే ఇంకో ఇంజినీరు దొరకాలి. ఇంజినీరు లేకపోతే కరెంటు బోర్డు వాళ్ళు ఒప్పుకోరు. రిలేని తియ్యాలంటే ఒక స్క్రూడ్రైవరు చాలు.

మనుషులు టీకి వెళ్ళినప్పుడు ప్యానెల్ వెనక్కి వెళ్ళాడు. రిలే నుంచి, లైనుని నిజంగా విడగొట్టే స్విచ్చు, బ్రేకరుకి వెళ్ళే తీగ మధ్యలో వేలెడు ఇత్తడి లింకు ఉంటుంది. దాన్ని వదులు చేసి పక్కకి తిప్పాడు. ముందు వైపు తెర వెలుగుతూనే ఉంది, పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. రిలే చూడగలదు, చెప్పగలదు. చెప్పింది బ్రేకరుకి చేరదు. ఎప్పుడూ ఊగి నిలబడేదే కదా అనుకున్నాడు.

అంతటితో ఊరుకోలేదు. ఒకవేళ ఆయన ఉద్దేశం అమ్మాయే అయితే? అందుకని స్నేహలతని పిలిచి, "అమ్మా, కొన్నాళ్ళు బాపట్ల సబ్‌స్టేషన్‌లో కూర్చో. అవతలి కొసన మన లైను ఎలా ఉంటోందో చూసి రా. ఇల్లూ అక్కడే కదా, హాయిగా ఉంటుంది" అన్నాడు. లింకు సంగతి చెప్పలేదు.

తన ఉద్యోగం పోయిందనే స్నేహలత అనుకుంది. పోనివ్వకుండా ఈ పెద్దమనిషి కాచాడని సంతోషించింది. "మీ మేలు మర్చిపోను సార్" అంది.

మర్నాడు పొద్దున తెనాలి నుంచి ఫోన్. "తీసేశావా?"

"తీసేశానండి."

"మంచిది. ఆవిడెలా ఉంది?"

"చల్లగా ఉందండి."

ఏం తీశావని ఆయన అడగలేదు. ఏం తీశానని ఈయన చెప్పలేదు.

*

కొద్దిరోజుల తర్వాత పొద్దున బాపట్ల సబ్‌స్టేషన్‌ని మంచు పూర్తిగా కప్పేసింది. యార్డులో స్తంభాలు మొదళ్ళ దగ్గర మాత్రమే కనిపిస్తున్నాయి. పైన ఎక్కడో తీగలు చిటచిటలాడుతున్నాయి. ఆపరేటరు ఫిన్నీ ఫ్లాస్కు మూత తీస్తూ, "అక్కా, ఇడ్లీ తెప్పించనా, పూరీనా?" అన్నాడు.

"పూరీ తింటే నిద్రొస్తుంది నీకు."

"ఇడ్లీ తిన్నా వస్తుంది. మనసులో ఉండాలి."

అప్పుడు పేలింది. మంచులో ఒక నీలం మంట వెడల్పుగా లేచి ఆరిపోయింది. రేపల్లె వైపు రెండు లైన్లు వెళ్తాయి. వాటిలో ఒకటి తెగిపోయింది. మిగిలిన లైను మీద, స్నేహలత కళ్ళ ముందు, మీటరు ముల్లు ఊగడం మొదలుపెట్టింది.

ఆమె లేచి ప్యానెల్ దగ్గరికి వెళ్ళింది. ముల్లు పైకి వెళ్ళింది, దిగింది. ఇంకా పైకి వెళ్ళింది.

"నిలబడుతుందిలే" అంది.

నిలబడలేదు. ముల్లు సున్నా దాటి అవతలి వైపు పడింది. గదిలో దీపాలు కుంగి మళ్ళీ వెలిగాయి. బయట ట్రాన్స్‌ఫార్మరు మూలిగింది.

"జారింది" అంది. "ఇప్పుడు విడగొడుతుంది చూడు."

తన రిలే మీద ఆమెకి అంత నమ్మకం. చేతులు కట్టుకుని చూసింది. ముల్లు ఒక చుట్టు తిరిగి వచ్చింది, మళ్ళీ పడింది. దీపాలు మళ్ళీ కుంగాయి. రిలే విడగొట్టలేదు. మూడోసారి పడ్డప్పుడు ఆమె చేతులు విప్పి ఫోన్ తీసింది.

"సార్, మిషను అడుగు తప్పింది. బ్రేకరు తీసెయ్యండి."

అవతల ఏనుగు ఘీంకారం లాంటి చప్పుడు. దాని మీదుగా నరసింహారావు అరుపు వినపడింది. "సార్‌ని అడుగుతున్నానమ్మా. ఆయన ఫోన్ ఎత్తట్లేదు. ఆయన్ని అడక్కుండా ఆవిణ్ణి ఆపితే నన్ను చంపేస్తాడు."

"రిలే ఏం చేస్తోంది సార్?"

ఆమె గొంతు పెంచింది.

"సార్, రిలే ఏం చేస్తోంది?"

"దాన్ని తీసేశాం కదమ్మా."

స్నేహలత ఫోన్ బల్ల మీద పెట్టి ప్యానెల్ మీది పిడి పట్టుకుంది. ఫిన్నీ చెయ్యి అడ్డం పెట్టాడు. "అక్కా, పర్మిషన్ లేకుండా ముట్టుకోకూడదు. నా ఉద్యోగం పోతుంది." ఆమె అతని చెయ్యి నెట్టేసి పిడి తిప్పింది. యార్డులో బ్రేకరు దబ్బున తెరుచుకుంది. ముల్లు సున్నా దగ్గర పడిపోయింది.

బల్ల మీది ఫోన్లో చప్పుడు ఆగలేదు, మారింది. ఇనుము ఇనుముని చీలుస్తున్న చప్పుడు. తర్వాత ఏదో రేకుని చీల్చుకుని పోయింది. తర్వాత ఆవిరి బుస.

ఆమె ఫోన్ చెవిన పెట్టుకుంది. నరసింహారావు గొంతు ఇప్పుడు చాలా మెల్లగా ఉంది.

"షుకూర్ అక్కడే ఉన్నాడమ్మా."

*

ఆమె రేపల్లె చేరేసరికి పోలీసులు వచ్చారు. షెడ్డు కప్పుకి బొక్క పడింది. టర్బైనుకీ జనరేటరుకీ మధ్య ఉండే ఇనుప కప్లింగు ముక్కలైపోయింది. ఒక ముక్క కప్పులోంచి, ఒక ముక్క షుకూర్ ఛాతీలోంచి పోయాయి. ఆయన మీద ఊక గోతాలు కప్పారు.

మిషను అరవడం మొదలుపెట్టగానే అందరూ బయటికి పరిగెత్తారట. షుకూర్ ఒక్కడే ఆవిరి కట్టేసే చక్రం దగ్గరికి వెళ్ళాడట. రా బాబాయ్ అని బాయిలరు దగ్గర పని చేసే ఆశీర్వాదం కేకేస్తే, "ఏం కాదురా, అమ్మాయి రిలే ఉందిగా, ఇప్పుడు తీస్తది" అన్నాడట.

ఇది ఆశీర్వాదం ఆమెకే చెప్పాడు. చెప్పకపోయినా బాగుండేది.

స్నేహలత కంట్రోల్ రూములోకి వెళ్ళింది. తెర మీద ఎర్ర దీపం వెలుగుతోంది. మిషను మొదటిసారి జారినప్పుడే రిలే చూసింది, బ్రేకరు తియ్యమంది. ప్యానెల్ వెనక ఇత్తడి లింకు పక్కకి తిరిగి ఉంది.

కృష్ణకాంత్ తెనాలి నుంచి వచ్చాడు. షెడ్డు ముందు చెప్పులు విప్పాడు. గోతాల మూటని చుట్టి వెళ్ళి, చీలిన కప్లింగు మీద చెయ్యి పెట్టాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ఆవిడకి ఎవరయ్యా ఇలా చేసింది?" అన్నాడు. గోతాల కింద ఎవరని అడగలేదు.

"రిలే పని చెయ్యలేదండి" అన్నాడు నరసింహారావు.

"ఎందుకు చెయ్యలేదు?"

"మీరు తియ్యమన్నారు కదండీ."

కృష్ణకాంత్ కళ్ళు తుడుచుకున్నాడు. మొహంలో ఏదో సర్దుకుంది.

"నేను రిలేని తియ్యమన్నానా? నేను దాన్ని తియ్యమన్నాను." స్నేహలత వైపు వేలు చూపించాడు. "దాన్ని. ఊళ్ళో అందరికీ తెలుసు నేను దేన్ని అదంటానో. పనిలోంచి తియ్యమంటే లింకు ఎవడు పీకమన్నాడు నిన్ను? నువ్వే చంపావు షుకూర్‌ని."

షుకూర్ పేరు ఆయన ఎత్తింది ఆ ఒక్కసారే.

*

విచారణ తెనాలిలో ఒక ప్రభుత్వ అతిథి గృహంలో పెట్టారు. హాల్లో బల్ల, బల్ల వెనక విచారణ అధికారిణి. వరండాలో కుర్చీలు. షుకూర్ భార్య అబీదా వరండాలో కిటికీ పక్కన కూర్చుంది. లోపలి మాటలు ఆమెకి వినిపిస్తాయి.

తేలాల్సింది ఒక్కటే. 'దాన్ని తీసెయ్' అన్న మాటకి అర్థం రిలే అయితే, రక్షణ తీయించి మనిషిని చంపింది యజమాని. అర్థం స్నేహలత అయితే, చంపింది నరసింహారావు. ఆ మాట విన్నవాళ్ళు ముగ్గురు. ఒకడు పోయాడు. ఒకడు ముద్దాయిలా నిలబడ్డాడు. మిగిలింది స్నేహలత.

ముందురోజు కృష్ణకాంత్ లాయరు బాపట్ల వచ్చాడు. బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. "అమ్మా, మాకు నీ దగ్గర్నుంచి ఏం అక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. సార్ నిన్ను అదంటాడా, అనడా? అంతే." చర్చికి వెళ్ళే ఇంట్లో పుట్టినదానివి, అబద్ధ సాక్ష్యం చెప్పవని తెలుసు అని కూడా అన్నాడు. అతను వెళ్ళాక నరసింహారావు ఫోన్ చేసి ఏడ్చాడు. "నీ ఉద్యోగం పోకూడదనే తల్లీ లింకు తీశాను" అన్నాడు. అది సగం నిజం.

నిజం చెప్తే కృష్ణకాంత్ ఇంటికి వెళ్తాడు. ఇంకో మిషను తెస్తాడు. దానికి చీర కడతాడు. ఆ రాత్రి స్నేహలత తినలేదు.

హాల్లో ముందు కృష్ణకాంత్ చెప్పాడు. "నేను పల్లెటూరి మనిషినండి. నా నోరు అంత. ఆడవాళ్ళందర్నీ అదే అంటాను."

"నన్ను కూడానా?" అంది అధికారిణి.

"అయ్యో, మిమ్మల్ని ఎలా అంటానండి మేడమ్."

ఆవిడ ఏదో రాసుకుంది. "మీ పనివాళ్ళని అడుగుదాం."

ఆశీర్వాదాన్ని లోపలికి పిలిచారు. ఎందుకు పిలిచారో అతనికెవరూ చెప్పలేదు. లోపల యజమాని కూర్చుని ఉన్నాడు. ఆ మొహం చూడగానే చేతులు కట్టుకున్నాడు.

"మీ యజమాని స్నేహలత గారిని ఎలా పిలుస్తాడు?"

ఆశీర్వాదం యజమాని వైపు చూశాడు. యజమాని కళ్ళు ఉరిమాయి. నిజం చెప్పమని ఉరిమాయి. ఆశీర్వాదానికి ఉరమడం ఒక్కటే తెలిసింది.

"మర్యాదగానేనండి. మేడమ్ గారూ అంటారు."

"ఒరే, సరిగ్గా చెప్పు" అన్నాడు కృష్ణకాంత్.

ఆశీర్వాదం తనిచ్చిన మర్యాద చాల్లేదేమో అనుకున్నాడు. "దేవతలా చూస్తారండి."

తర్వాత తూకం చూసే మనిషి వచ్చింది. "మా సార్ నోట్లోంచి ఆడవాళ్ళ మీద ఒక్క మాట తప్పు రాదండి" అంది. తర్వాత వాచ్‌మన్. అతను ఇంకా పైకి పోయాడు, సార్ తనని కూడా మీరు అంటారన్నాడు. కృష్ణకాంత్ ఎంత గుడ్లురిమితే వాళ్ళు అంత పొగిడారు. లాయరు తల పట్టుకున్నాడు.

"స్నేహలత గారూ" అంది అధికారిణి. "మీరు చెప్పండి. ప్రమాణం చేసి చెప్తున్నారని గుర్తుంచుకోండి. యజమాని మిమ్మల్ని ఎలా పిలిచేవారు?"

ఆమె లేచి నిలబడింది. కిటికీ అవతల కూర్చున్న అబీదా వైపు చూస్తూ ఉండిపోయింది. కృష్ణకాంత్ కుర్చీ అంచుకి జరిగాడు. నుదురు చెమట పట్టింది. జీవితంలో మొదటిసారి నేరుగా ఆమె కళ్ళలోకి చూసి మాట్లాడాడు.

"స్నేహలత గారూ, మీరైనా నిజం చెప్పండమ్మా. మీకు దణ్ణం పెడతాను. నేను మిమ్మల్ని అది అనేవాణ్ణా కాదా?"

అధికారిణి కలం ఆగింది.

స్నేహలత అప్పుడు మాట్లాడింది. గొంతు చాలా మృదువుగా ఉంది. "ఇప్పుడు పిలిచారు కదండీ. ఎప్పుడూ అలాగే పిలుస్తారు. ఇంత మర్యాద ఇచ్చే యజమానిని నేను చూడలేదండి."

కృష్ణకాంత్ కుర్చీ వెనక్కి పడింది. "అబద్ధం చెప్తోంది. దాన్ని నేనెప్పుడైనా గారూ అన్నానా? కుక్కని పిలిచినట్టు పిలిచాను దాన్ని, అడగండి, ఊరందర్నీ అడగండి." లాయరు ఆయన్ని పట్టుకుని కూర్చోబెట్టాడు.

"కోపం వచ్చినప్పుడు ఎవరైనా అంటారు" అంది అధికారిణి. "భయం వేసినప్పుడు మీరు గారూ అన్నారు." తర్వాత స్నేహలతని చూసింది. "ఆ రోజు 'దాన్ని' అంటే ఏమిటని మీకు అర్థమైంది?"

"రిలే అండి. వేరే ఎలా అర్థమవుతుంది?"

"ఇంకో సంగతి. మీరు బాపట్లలో బ్రేకరు తీశారు. మిషను అడుగు తప్పిందని తెలిసిన వెంటనే తీశారా?"

ఇక్కడ కూడా అబద్ధం చెప్పి ఉండొచ్చు.

"లేదండి. నా రిలే తీస్తుందని చూస్తూ నిలబడ్డాను. మూడోసారి దాకా."

"మొదటిసారే తీసి ఉంటే?"

"కప్లింగు ఆగేదేమోనండి."

అధికారిణి అది కూడా రాసుకుంది. రక్షణ తొలగించమన్నది యజమానేనని, కాగితాలు పోలీసులకి పంపుతున్నానని చెప్పి లేచింది. నరసింహారావు గోడకి ఆనుకుని జారి కూర్చున్నాడు. కృష్ణకాంత్ ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. ఎంత నీచంగా మాట్లాడేవాడో ఒక్కొక్క మాటే గుర్తు చేసుకుని లాయరుకి చెప్తున్నాడు. లాయరు వినడం లేదు.

స్నేహలత వరండాలోకి వచ్చింది. అబీదా లేచి నిలబడింది. మెట్ల మీద కృష్ణకాంత్ డ్రైవరు బీడీ పట్టుకుని, చెవి ఇటు వేసి ఉన్నాడు. గుమ్మంలో లాయరు గుమాస్తా.

"అంతా వినపడింది అమ్మా" అంది అబీదా. "ఒక్క మాట అడగనా?"

"అడుగు పిన్నీ."

"మా ఆయన రోజూ ఇంటికొచ్చి వేరేగా చెప్పేవాడు. ఆ సార్ మన బాపట్ల అమ్మాయిని అది, ఇది అంటున్నాడు, నాకు అన్నం సయించట్లేదు అనేవాడు. ఒకరోజు చెయ్యి కడుక్కోకుండా లేచిపోయాడు. లేదంటున్నావుగా నువ్వు?"

స్నేహలత మెట్ల వైపు చూసింది. డ్రైవరు బీడీ కాల్చడం మానేశాడు.

"లేదు పిన్నీ. బాబాయ్ సరిగ్గా విని ఉండడు. ఆ షెడ్డులో చప్పుడెక్కువ."

అబీదా చెయ్యి తన చెవి మీదికి వెళ్ళింది.

"చెవుడొచ్చిందన్నమాట" అంది. "నాకు చెప్పలేదు చూడు. ఉద్యోగం పోతుందని దాచుంటాడు." పైట సర్దుకుంది. "అయితే ఆ మిషను అరుపు కూడా వినపడి ఉండదు. అందుకే అందరూ పరిగెత్తినా ఈయన అక్కడే నిలబడ్డాడు. నేనేమో ఇన్నాళ్ళూ వాళ్ళనీ వీళ్ళనీ తిట్టుకుంటున్నా."

కుర్చీ కింద ఉన్న ఆమె సంచి స్నేహలత తీసి ఇచ్చింది.

"ముందే తెలిస్తే డాక్టరుకి చూపించేదాన్ని" అంది అబీదా. రేపల్లె బస్సు ఎక్కడ ఆగుతుందో అడిగి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.